ఇంటి బీరు: నంద్యాల, ఆళ్లగడ్డ సీమ

మొలకెత్తిన ధాన్యాన్ని ఎండబెట్టి, నలగగొట్టి, వేడినీళ్ళలో నానబెడితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడకట్టి, హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు తోడు వేసి పులియబెడితే వచ్చేది బీరు. దీన్ని అమ్మకానికి కాకుండా తమ ఇంటి వాడకానికి తయారుచేసుకుంటే ఇంటి బీరు అంటారు. అమెరికాలో ఇది చాలామందికి ఇష్టమైన వ్యాపకం. నంద్యాల, ఆళ్లగడ్డల్లో మాత్రం లైసెన్సు లేకుండా చేస్తే నేరం.

అయినా ఈ విషయాన్ని ఈ సీమకు ముడిపెట్టి రాయవలసిన అవసరం ఉంది. బీరు తయారీని విడదీసి చూస్తే నాలుగు పనులు కనిపిస్తాయి. గింజను మొలకెత్తించడం, పిండిని తీపిగా మార్చడం, మరిగించడం, పులియబెట్టడం. ఇక్కడి కుందూ నది లోయలోని వంటిళ్ళు తరతరాలుగా వీటిని విడివిడిగా చేస్తూనే ఉన్నాయి. పసిబిడ్డల కోసం రాగులు మొలకకట్టి మాల్టు చేస్తారు. జొన్నపిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి కాస్తారు. పాలకు తోడు వేస్తారు, దోసెల పిండిని పొంగనిస్తారు. ఈ పనులన్నీ వేర్వేరు కుండల్లో జరిగాయి, ఒకే కుండలోకి చేరలేదు, అంతే. అందుకే బీరును పూర్తిగా పరాయి విద్యగా చూడటం పొరపాటని ఈ రచయిత అభిప్రాయం.

చట్టం

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం మద్యం. అందుకే దీని నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం అమల్లో ఉంది. ఆ చట్టం చెప్పే మద్యంలో సారాతో పాటు కల్లూ బీరూ కూడా వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేయడమే కాదు, తయారీ కోసం సామగ్రిని దగ్గర పెట్టుకోవడమూ నేరమే. 'మా ఇంటి మట్టుకే, అయిదు లీటర్లే' అన్న మాటకు అందులో మినహాయింపు లేదు. ఇరుగుపొరుగు రాష్ట్రాల్లో హోటళ్ళకు సొంతంగా బీరు చేసుకునే మైక్రోబ్రూవరీ లైసెన్సులు దొరుకుతాయి కానీ, అవి వ్యాపారానికే. ఇంటి వంటగదికి వర్తించవు. కల్లుకు దారి వేరు. గీత కార్మికుల సహకార సంఘాలకు, లేదా చెట్టును బట్టి గీతగాడికే లైసెన్సు ఇస్తారు.

ఈ కట్టుదిట్టానికి తర్వాత ఆడవాళ్ళ పోరాటమూ తోడైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ మొదలైన ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కర్నూలు జిల్లావారే. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఇవాళ్టికీ ఈ పల్లెల్లో 'ఇంట్లో కాస్తున్నారు' అంటే గుర్తొచ్చేది బీరు కాదు. గుట్టల చాటున డ్రమ్ముల్లో నానే బెల్లం ఊట, దాన్ని పోలీసులు పారబోసే దృశ్యం. కూలి డబ్బు సారాలో కరిగిపోతుంటే పిల్లల్ని పస్తు పడుకోబెట్టిన తల్లులు అడిగి తెచ్చుకున్నది ఆ సారా నిషేధం. చేతిపని మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ సంగతిని పక్కనబెట్టి మాట్లాడకూడదు.

ఊటకూ బీరుకూ తేడా తెలుసుకోవాలి. రెండూ పులిసినవే. ఊటను బట్టీ పెట్టి ఆవిరి పట్టి చిక్కబరిస్తే సారా అవుతుంది. బీరును ఎవరూ బట్టీ పెట్టరు, పులిసిన దాన్ని పులిసినట్టే తాగుతారు. అందులో ఆల్కహాలు సాధారణంగా నూటికి 4 నుంచి 6 పాళ్ళు ఉంటుంది. ధాన్యం పులిసినప్పుడు ప్రమాదం తెచ్చేంత మిథనాల్ పుట్టదు. కల్తీసారా చావులకు కారణం ఎక్కువగా పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను అందులో కలపడమే.

గృహస్థుకు మినహాయింపు ఇవ్వడమన్నది మన దేశానికి కొత్తేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం సురను రాజు గుత్తాధిపత్యం కిందికి తెస్తూనే, శుభకార్యాల వేళ కుటుంబీకులు తెల్లసురను, మందు కోసం అరిష్టాన్ని ఇంట్లో చేసుకోవచ్చని చెబుతుంది. అక్కడ చెప్పిన కిణ్వం, అంటే పులియబెట్టే తోడు, ప్రధానంగా మినుముల ముద్దా బియ్యమూ కలిసిందే. మన దోసెల పిండికి అది దగ్గరి చుట్టం. ఆధునిక కాలంలో బ్రిటన్ 1963లో ఇంటి బీరుకు లైసెన్సు తీసేసింది. అమెరికాలో జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేసిన చట్టం ఒక్కో వయోజనుడికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు వయోజనులున్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోనిచ్చింది. అయినా అక్కడా రాష్ట్రాల మాట చెల్లుతుంది. చివరి రెండు రాష్ట్రాలు మిసిసిపీ, అలబామాలు ఒప్పుకున్నది 2013లోనే. కాబట్టి ఈ సీమ నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడినవారు అక్కడ నిర్భయంగా మొదలుపెట్టవచ్చు. సెలవులకు ఊరొచ్చినప్పుడు మాత్రం ఆ సామాను ఇక్కడికి తేకూడదు.

గింజ

బీరుకు లోకమంతటా వాడేది బార్లీ. అది రాజస్థాన్, హర్యానాల వంటి చలి ఉన్న చోట్ల పండుతుంది కానీ మన నల్లరేగడిలో కాదు. ఇక్కడి గింజలు జొన్న, కొర్ర. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచీ ఉంది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఎన్‌.టి.జె. అనే అక్షరాలతో వచ్చే జొన్న రకాల పేరులోనే 'నంద్యాల తెల్లజొన్న' ఉంది. దేశంలో పేరుపడ్డ కొర్ర రకం సూర్యనంది కూడా ఇక్కడిదే. ఈ రకాలను రొట్టె కోసం, సంకటి కోసం, పశువుల మేత కోసం తయారుచేశారు. బీరు అక్కడి పరిశోధకుల లెక్కలో లేదు.

జొన్నతో బీరు అవుతుందా అంటే ఆఫ్రికాలో తరతరాలుగా అవుతూనే ఉంది. దక్షిణాఫ్రికాలో ఉమ్‌కొంబోతి, బుర్కినాఫాసోలో డోలో, సూడాన్‌లో మెరిస్సా. ఇవన్నీ జొన్న మొలకలతో ఎక్కువగా ఆడవాళ్ళు చేసే పుల్లని, మడ్డి కలిసిన పానీయాలు. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతిని ఆపేసింది. దాంతో అక్కడి పెద్ద బ్రూవరీలు కూడా జొన్న, మొక్కజొన్నల మీదికి మళ్ళాయి. గ్లూటెన్ పడనివారి కోసం జొన్నబీరును ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో ప్రత్యేకంగా తయారుచేస్తున్నారు.

గింజను మాల్టుగా మార్చే పని ఈ సీమ అమ్మలకు నేర్పనక్కర లేదు. కడిగి, ఒక పగలూ రాత్రీ నీళ్ళు మారుస్తూ నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టి, పూటకోసారి నీళ్ళు చిలకరిస్తారు. బార్లీకి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. జొన్న 25 నుంచి 30 డిగ్రీల దగ్గర హాయిగా మొలకెత్తుతుంది. ఈ ఒక్క విషయంలో మన వాతావరణమే అనుకూలం. మూడు నాలుగు రోజులకు మొలక గింజంత పొడవవుతుంది. అప్పుడు ఎండలో పలచగా పరచి గలగలలాడేదాకా ఆరబెట్టాలి.

ఇక్కడ రాగులకు లేని జాగ్రత్త ఒకటి జొన్నకు తప్పదు. జొన్న మొలకలోనూ వేరులోనూ ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. అది విడిపోయి సైనైడును పుట్టిస్తుంది. లేత జొన్నచొప్ప మేసి పశువులు చచ్చిపోవడం రైతులు ఎరిగిన సంగతే. దానికి కారణం ఇదే. అందుకే ఎండిన మొలకలను గోనెపట్టా మీద గట్టిగా రుద్ది, వేళ్ళూ మొలకలూ రాలగొట్టి, చేటతో చెరిగి, గింజను మాత్రమే వాడాలి. మొలకలు పచ్చిగా తినే అలవాటును పెసల నుంచి జొన్నలకు తేకూడదు.

సంకటి పలచబడటం

బీరు విద్యకు గుండెకాయ ఈ ఘట్టమే. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తినదగిన చక్కెరగా విడగొట్టుకోవడానికి అమైలేజ్ అనే ఎంజైములను పుట్టించుకుంటుంది. ఎండబెట్టడంతో మొలక ఆగుతుంది కానీ ఎంజైము నిద్రలో ఉంటుంది. 63 నుంచి 68 డిగ్రీల వేడినీళ్ళు తగలగానే మేల్కొని పని మొదలుపెడుతుంది. గంటలో గింజలోని పిండి తీపి నీరవుతుంది. వేడి 75 దాటితే ఎంజైము చచ్చిపోతుంది.

దీన్ని కంటితో చూడాలంటే ఒక చిన్న పని చాలు. చిక్కని జొన్నసంకటి వండి, చెయ్యి ఆనించలేనంత వేడి ఉన్నప్పుడు, అంటే సుమారు 65 డిగ్రీల దగ్గర, రెండు చెంచాల రాగిమాల్టు పిండి కలిపి మూతపెట్టి, కాసేపాగి చూడాలి. ముద్దగా ఉన్నది జావలా జారిపోతుంది. ఇంకా ఉంచితే తియ్యబడుతుంది. పసిబిడ్డల ఆహారంలో ఈ గుణాన్నే వాడతారు. ఎంజైము ఉన్న మొలకపిండి చిటికెడు కలిపితే చిక్కని జావ పలచబడుతుంది కాబట్టి, బిడ్డ చిన్న కడుపుకు ఎక్కువ బలం అందుతుంది. తల్లి గిన్నెలో జరిగేదీ బ్రూవరీ గుండిగలో జరిగేదీ ఒకటే రసాయన చర్య.

జొన్నకు ఒక చిక్కు ఉంది. బార్లీ పిండి 60 డిగ్రీల దగ్గరే ఉడికి మెత్తబడుతుంది. జొన్నపిండికి 70 డిగ్రీల చుట్టూ, కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ వేడి కావాలి. అప్పటికి ఎంజైము నీరసించిపోతుంది. పిండి ఉడికితే ఎంజైము ఉండదు, ఎంజైమును కాపాడితే పిండి ఉడకదు. దీనికి ఇంటి బ్రూవర్లు కనిపెట్టిన ఉపాయం చక్కనిది. నలిగిన మాల్టును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, తేరిన పైనీటిని ఒక గిన్నెలోకి వంచుకుంటారు. ఎంజైములు ఆ నీటిలోకి దిగి ఉంటాయి. అడుగున మిగిలిన చిక్కటి పిండిని బాగా ఉడికిస్తారు. అది 65 డిగ్రీలకు చల్లారాక తీసిపెట్టిన నీటిని తిరిగి పోస్తారు. సంకటి వండి, వార్చుకున్న తేటను మళ్ళీ కలపడమే ఇది.

నీరు

బీరులో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. పిల్సెన్ పట్టణపు మెత్తని నీటి వల్ల లేతరంగు పిల్స్‌నర్ పుట్టింది. డబ్లిన్ సున్నపు నీటి వల్ల నల్లని స్టౌట్ కుదిరింది. నంద్యాల ఏ వైపున ఉంటుంది? కుందూ లోయ కింద ఉన్నది సున్నపురాయి, షేల్. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ పొరలకు పెట్టిన పేర్లే నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. బేతంచెర్ల నాపరాళ్ళూ కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలూ ఆ రాతి పుణ్యమే. ఆ రాతిలోంచి వచ్చే బోరునీళ్ళు మరిగిస్తే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. అది కరిగివున్న కాల్షియం బైకార్బొనేట్ సున్నంగా విడిపోవడం.

ఇలాంటి నీటిలో లేతరంగు మాల్టు నానబెడితే పులుపు తగ్గి, ఎంజైము మందగించి, గింజ పొట్టులోని వగరు దిగుతుంది. కాస్త దోరగా, నల్లగా వేయించిన మాల్టు ఆమ్లగుణం కలది కాబట్టి ఆ సున్నాన్ని సరిచేస్తుంది. కాబట్టి ఈ ఊళ్ళ బోరునీటికి న్యాయంగా కుదిరేది నల్లబీరు. లేత బీరు కావాలనుకుంటే నీటిని ముందు మరిగించి తేర్చుకోవాలి, లేదా శుద్ధిచేసిన నీటిని సగానికి సగం కలుపుకోవాలి. మహానంది కోనేటిలో అడుగున పడ్డ నాణెం కూడా కనిపించేంత తేటనీరు ఉంటుంది. అయితే తేటదనం వేరు, మెత్తదనం వేరు. కరిగిన సున్నం కంటికి కనబడదు.

హాప్స్

హాప్స్ తీగ వేసవిలో పొడవైన పగళ్ళు, చలికాలపు నిద్ర కోరుతుంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో దాన్ని పండించారు. నల్లమల పక్కన అది పెరిగే మాట లేదు. హాప్స్ చేదు కోసమే కాదు, బీరును పులుపెక్కించే బాక్టీరియాను అణచడానికి కూడా. నేలవేము, వేప చేదుగా ఉంటాయి కదా అని వాటిని వేయడానికి లేదు. చేదున్న ప్రతి ఆకూ మందు కాదు, మోతాదు తప్పితే హాని చేస్తుంది. ఆఫ్రికా సంప్రదాయ జొన్నబీరుల్లో అసలు హాప్స్ ఉండవు, అవి పులుపుతోనే నిలబడతాయి.

తోడు, వేడి

బీరు పులియడానికి కారణం ఈస్టు అనే జీవి అనీ, చెడిపోవడానికి కారణం ఇతర సూక్ష్మజీవులనీ లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద రాసిన గ్రంథంలో వివరించాడు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాడు. అంతకుముందు అందరూ మన పెరుగు తోడులా నిన్నటి మడ్డినే నేటికి వేసేవారు. ఈత కల్లుకు ఆ తోడూ అక్కర్లేదు. గాలిలో, కుండలో, కోతలో ఉన్న ఈస్టే దిగుతుంది. గీసిన కొన్ని గంటల్లోనే నురగ లేస్తుంది. నీరా కావాలంటే కుండలోపల సున్నం పూసి, తెల్లవారకముందే దించుకోవాలి.

ఏల్ రకం బీరు ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్‌కు 8 నుంచి 13 డిగ్రీలు కావాలి. వేడెక్కితే ఈస్టు ఘాటైన ఫ్యూసెల్ ఆల్కహాళ్ళను వదులుతుంది. తాగినవాడికి తలనొప్పి మిగులుతుంది. నంద్యాలలో మే నెల మధ్యాహ్నాలు 44, 45 డిగ్రీలు చూస్తాయి. ఈ ఎండలో లాగర్ ఫ్రిజ్జు లేకుండా అసాధ్యం. 1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండె శీతలయంత్రం చేశాకే వేడి దేశాలకు లాగర్ సుళువైంది. తడిగోనె చుట్టిన కుండ పొడి ఎండలో నీటిని కొన్ని డిగ్రీలు చల్లబరుస్తుంది కానీ ఏల్‌కు కూడా అది చాలదు. వేడిని ఓర్చుకునే ఈస్టులు ఉన్నాయి. నార్వే పల్లెల్లో రైతులు తరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్టు 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా ఘాటు వాసన లేకుండా పులియబెడుతుంది. దాన్ని చెక్క ఉంగరాల మీద ఎండబెట్టి దాచుకునేవారు. చలిదేశంలో పుట్టిన ఈ తోడు మన వేసవికి నప్పడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

అనుమతి ఉన్న చోట మొదలుపెట్టేవారికి

మొదటిసారి గింజతో కుస్తీ పట్టనక్కర లేదు. మాల్టు సారం డబ్బాల్లో పాకంలాగానో పొడిగానో దొరుకుతుంది. 19 లీటర్ల బీరుకు సుమారు 3 కిలోల సారం చాలు. 20 లీటర్లు పట్టే స్టీలు గుండిగ, మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టు, లోపలి గాలి బయటికి పోనిచ్చి బయటి గాలి రానివ్వని ఎయిర్‌లాక్, థర్మామీటరు, ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటరు ఉంటే సరి. పూర్వం కుండకు వాసెన కట్టేవారు. ఎయిర్‌లాక్ చేసే పని కూడా అదే, మరింత నమ్మకంగా.

సారాన్ని నీళ్ళలో కలిపి గంటసేపు మరిగించాలి. చేదుకు హాప్స్ మొదట్లో, వాసనకు చివర్లో వేయాలి. తర్వాత గుండిగను చన్నీళ్ళ తొట్టిలో పెట్టి వీలైనంత త్వరగా చల్లార్చాలి. మరిగినంతసేపూ ఏ పురుగూ బతకదు. చల్లారిన క్షణం నుంచి తాకే ప్రతి గరిటె, గొట్టం, చెయ్యి క్రిమిరహితంగా ఉండాలి. మొదటి ప్రయత్నాలు పాడవడానికి ఎక్కువ కారణం ఇక్కడి అశ్రద్ధే. ఊరగాయ పెట్టేనాడు తడి గరిటె తగలనివ్వని ఇంటివాళ్ళకు ఈ నియమం కొత్త కాదు.

చల్లారిన దాన్ని బకెట్టులో పోసి ఈస్టు వేస్తే మర్నాటికి పైన నురగ కడుతుంది. వారం నుంచి రెండు వారాల్లో పొంగు చల్లారి మడ్డి అడుగున దిగుతుంది. హైడ్రోమీటరు మొదట 1.050, చివర 1.010 చూపితే ఆ తేడాను 131తో గుణిస్తే దాదాపు 5.2 శాతం ఆల్కహాలు. రెండు మూడు రోజులు వరసగా చూసినా అంకె మారకపోతేనే సీసాల్లో నింపాలి. నింపేటప్పుడు లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చక్కెర వేస్తే మిగిలిన ఈస్టు దాన్ని తిని బుడగలు పుట్టిస్తుంది. పులియడం పూర్తికాకముందే నింపినా, చక్కెర ఎక్కువైనా సీసా బాంబులా పేలుతుంది. గాజు పెంకులు గోడలో దిగబడ్డ సందర్భాలు ఉన్నాయి. పాత సోడాసీసాలతోనో పల్చటి గాజుతోనో ప్రయోగాలు చేయకూడదు. మరో రెండు వారాలు ఆగితే తాగడానికి సిద్ధం.

నంద్యాలలో చేయగలిగినది

ఇక్కడ ఉండి ఈ విద్య నేర్చుకోవాలనుకునేవారికి ఈస్టు దగ్గర గీత గీసుకుంటే చాలు, మిగతా పని అంతా తెరిచే ఉంది. మొలకెత్తించడం, చెరగడం, దోరగా వేయించడం, 65 డిగ్రీల దగ్గర పట్టడం, వడకట్టడం, మరిగించడం. పులియబెట్టకుండా అక్కడే ఆగితే దొరికేది మాల్టు రసం. నైజీరియాలో చల్లబరచిన ఇలాంటి పానీయాన్ని సీసాల్లో పిల్లలకూ అమ్ముతారు. ఇక్కడి రాగిమాల్టు గ్లాసుకు అది దూరం కాదు. మరోవైపు అంబలి పులుపులో బాక్టీరియా చేసే పనినీ గమనించవచ్చు. ఎండాకాలం ఒక్క రాత్రిలో ఎంత పులుస్తుంది, చలికాలం ఎన్ని గంటలు పడుతుంది, నిన్నటి అంబలి ఒక గరిటె కలిపితే ఎంత తొందరపడుతుంది అనేవి ఒక పుస్తకంలో రాసుకుంటే బ్రూవర్ చేతి పుస్తకానికి తీసిపోదు.

మాల్టు పనికి డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. కొత్త జొన్నలు రావడానికి ఇంకా సమయం ఉంటుంది కాబట్టి పాతరలోనో బస్తాలోనో నిలవున్న గింజలు వాడవలసి వస్తుంది. వాటిలో ముందు పిడికెడు తీసి తడిగుడ్డలో మూటకట్టి చూడాలి. నూటికి తొంభై గింజలు మొలకెత్తితేనే మాల్టుకు పనికొస్తాయి, లేకపోతే ఆ బస్తాను రొట్టెలకు ఉంచుకోవాలి.